మీకు తెలుసా? ఒవెన్ ఎర్రర్ కోడ్ పోయిన పార్టు పేరు చెప్పదు!

కేకు పిండి కలిపి పెట్టుకుని ఒవెన్ ఆన్ చేస్తారు. బీప్ బీప్‌మంటూ తెర మీద ఓ అక్షరం, పక్కన ఓ అంకె. చూడగానే చాలామంది ‘బోర్డు పోయింది’ అనేసుకుంటారు. కానీ ఏ పార్టు పాడైందో ఆ కోడ్‌కి తెలియదు. తనకు అందిన సంకేతాల్లో ఎక్కడ తేడా కనిపించిందో అంతవరకే బోర్డు చెప్పగలదు. ఆ తేడాకు కారణం సెన్సర్ కావచ్చు, దాని తీగ కావచ్చు, వదులైన కనెక్టర్ కావచ్చు. ఈ సంగతి తెలిసినవారు ‘బోర్డు మార్చాలి’ అన్న మాట వినగానే ఒప్పేసుకోరు. ‘సెన్సర్ చూశారా, వైరు చూశారా?’ అని అడుగుతారు. అలా అడిగి తీరాలి కూడా.

ఒకే కోడ్‌కి కంపెనీని బట్టి అర్థం మారిపోతుంది. జీఈ వారి ఒవెన్లలో ఎఫ్9 అంటే తలుపు తాళం దగ్గర తేడా. ఎల్‌జీ ఒవెన్లలో అదే ఎఫ్9 వస్తే ఒవెన్ వేడెక్కడం లేదని. పక్కింటివారి ఒవెన్‌కి పనిచేసిన చిట్కా మీ ఒవెన్‌కి పనికిరాకపోవచ్చు. మోడల్ నంబరుతో కలిపి వెతికితేనే ఆ కోడ్ అర్థం తేలుతుంది. ఆ నంబరు స్టిక్కరు చాలావాటిలో తలుపు తీస్తే కనిపించే చట్రం మీదో, వెనక వైపో ఉంటుంది.

ఇక అసలు ఆసక్తికరమైన సంగతి సెన్సర్‌ది. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో స్టవ్ కిందే పెద్ద ఒవెన్ ఉంటుంది కదా, దాని లోపల వెనక గోడకు పైభాగాన పెన్సిల్ కన్నా సన్నటి లోహపు పుల్ల ఒకటి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. చాలా ఒవెన్లలో ఆ పుల్ల కొసన ఉండేది ప్లాటినం. వేడి పెరిగేకొద్దీ ప్లాటినంలో విద్యుత్ నిరోధం పెరుగుతుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర 1000 ఓమ్‌లు, ఆపైన డిగ్రీకి దాదాపు 4 ఓమ్‌ల చొప్పున పెరుగుతూ పోతుంది. కేకు కాలే 175 డిగ్రీల దగ్గర అది 1660 ఓమ్‌ల పైమాటే. తీగ తెగిందంటే నిరోధం ఏ ఒవెనూ చేరలేనంత ఎక్కువగా కనిపిస్తుంది. షార్ట్ అయితే దాదాపు సున్నాకి పడిపోతుంది. రెండూ జరగని పనులే కాబట్టి బోర్డు హీటర్ ఆపేసి కోడ్ చూపిస్తుంది. మెకానిక్ వచ్చినప్పుడు కరెంటు పూర్తిగా ఆపించి, ఆ సెన్సర్‌ని విడదీసి మల్టీమీటర్‌తో కొలవమనండి. ఒవెన్ చల్లగా ఉన్నప్పుడు 1080 నుంచి 1100 ఓమ్‌ల మధ్య చూపిస్తే చాలావరకు సెన్సర్ బాగున్నట్టే. అప్పుడు వైరింగ్ వెతకాలి, ఆ తర్వాతే బోర్డు.

మన దగ్గర వాడే కన్వెక్షన్ మైక్రోవేవ్‌లలో తరచుగా ఉండేది థర్మిస్టర్. దీని నడక పూర్తిగా తిరగబడి ఉంటుంది. వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. దీని తీగ తెగితే లోపల బాగా చల్లగా ఉన్నట్టు లెక్క వస్తుంది. ఆ లెక్కను నమ్మితే హీటర్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. కోడ్ ఇచ్చి ఆగిపోవడం వల్లే ఆ ప్రమాదం తప్పుతోంది. ప్లగ్ తీసి పెట్టి కోడ్ చెరిపేసి, మళ్లీ వస్తే మళ్లీ చెరిపేసి వాడుకుంటూ పోవడం మంచిది కాదనేది ఇందుకే. ఒకసారి వచ్చి పోతే సరే, రెండోసారి వస్తే చూపించాల్సిందే.

శామ్‌సంగ్ మైక్రోవేవ్ మీద ‘5ఈ’ అని కనిపించిందా? అది ‘ఎస్ఈ’ కూడా అయ్యుండొచ్చు. ఏడు గీతల తెర మీద ఆ అక్షరానికీ అయిదు అంకెకూ తేడా తెలియదు. ఏదో ఒక బటన్ నొక్కుకుపోయి ఉందని దాని అర్థం. కోస్తా జిల్లాల వానాకాలపు చెమ్మ, పక్కనే ఉడుకుతున్న అన్నం ఆవిరి, తడి చేతులు బటన్ల పొర లోపలికి తేమను చేరుస్తాయి. ప్లగ్ తీసేసి, పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

కొన్ని అసలు ఎర్రర్లే కావు. ‘ఎల్’ లేదా ‘లాక్’ అని వస్తే పిల్లల తాళం పడిందని. కొన్ని ఒవెన్లలో ‘పీఎఫ్’ అంటే కరెంటు పోయి వచ్చిందని. లైటు వెలుగుతూ, అంకెలు తిరుగుతూ ఎంతసేపటికీ వేడెక్కకపోతే షాపులో పెట్టిన డెమో మోడ్ అలాగే ఉండిపోయిందేమో చూడండి. తిప్పుడు నాబ్‌ల ఓటీజీలకైతే తెరా ఉండదు, కోడూ ఉండదు.

తనను తాను శుభ్రం చేసుకునే ఒవెన్‌ని జీఈ 1963లో తెచ్చింది. లోపలి జిడ్డు బూడిదయ్యేలా 480 డిగ్రీల చుట్టుపక్కల కాలుస్తుంది, అందాకా తలుపు తాళం వేసే ఉంచుతుంది. ఆ వేడికి ఫ్యూజులు, తాళం మోటారు, సెన్సర్ దెబ్బతిని మర్నాడే కోడ్‌లు రావడం మెకానిక్‌లకు మామూలే. విదేశాల్లో ఉన్నవారికి నా మాట ఒకటే: దీపావళికి చుట్టాలు రాబోతుంటే ముందురోజు ఆ బటన్ జోలికి పోకండి.

చివరగా, ఏ కోడ్ వచ్చినా మైక్రోవేవ్ కవర్ మాత్రం ఇంట్లో విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో వేల వోల్టుల చార్జి ప్లగ్ తీసిన తర్వాత కూడా మిగిలి ఉండొచ్చు. అది ప్రాణం తీయగలదు. తలుపు స్విచ్ పోయిందని తీగలు కలిపేసి నడిపించే మెకానిక్‌ని ఒప్పుకోవద్దు. తలుపు తెరిచి ఉండగా మైక్రోవేవ్ తరంగాలు బయటికి రాకుండా ఆపేవి ఆ స్విచ్‌లే. కోడ్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, మోడల్ నంబరుతో సహా సర్వీస్ సెంటర్‌కు చెప్పండి.