చెట్లు నరికి కట్టిన కోట

మా బీర్కూర్ వైపు వారికి కోట అంటే జుక్కల్ దగ్గరి కౌలాస్ కోటే. రాతితో కట్టినది గనుక ఎంత పాడైనా, పిల్లలను తీసుకొనిపోయి చూపడానికి కొంత మిగిలింది. ఇప్పుడు మేము చెప్పబోయేది బొత్తిగా మిగలని కోట సంగతి. దానిని కాకతీయులు కట్టలేదు. వారిని ముట్టడించ వచ్చినవారు కర్రలతో కట్టారు.

1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు చేరాడు. లోపల ప్రతాపరుద్రుడున్నాడు. నగరానికి నడుమ రాతికోట, దానిచుట్టూ మట్టికోట, రెంటికీ కందకాలు. మట్టిగోడే గదా అనుకోవద్దు. యంత్రంతో విసిరిన గుండు కూడా దానికి తగిలి, పిల్లలాడుకొనే కాయలాగా వెనక్కు ఎగిరివచ్చేటంత గట్టిదని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో వ్రాశాడు. పొగిడింది శత్రువుల కవి గనుక కొంత నమ్మవచ్చు!

ముట్టడించినవారికీ భయం ఉంటుంది. ముందు కోట, వెనుక పరాయి దేశం. అందుకే కాఫూర్ తన దండు చుట్టూ కర్రకోట కట్టించాడు. గుడారాల చుట్టుకొలత 12,546 గజాలని ఖుస్రో లెక్క. అంత మేర దడికి కలప ఎక్కడిది? చుట్టుపక్కల చెట్లన్నీ మొదలంటా నరికారు. వడ్రంగులు దుంగలు చెక్కి నిలిపారు. ఆకాశం నుండి నిప్పు కురిసినా దండుకు హాని కలుగనంత గట్టిగా ఉందట. ఒక రాత్రి వెయ్యిమంది ఓరుగల్లు రౌతులు దండు మీద పడ్డారుగాని, ఫలం లేకపోయింది.

ఇది చదువుతుండగా మాకు ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. పట్టణాన్ని ముట్టడించేటప్పుడు ఫలమిచ్చే చెట్లమీద గొడ్డలి ఎత్తవద్దనీ, తినే కాయ కాయని చెట్లతోనే ముట్టడి పనులు చేసుకొమ్మనీ అక్కడ ఆజ్ఞ ఉంది. తోట పెంచడానికి ఎన్నేళ్లు పడుతుందో మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు. ఓరుగల్లు చుట్టూ ఆ భేదం ఎవరూ చూడలేదు.

తరువాత కందకం పూడ్చి మట్టికోట ఎక్కారు. రాతికోట పడకముందే ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకొని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చాడు. మార్చిలో దండు వెళ్లిపోయింది. 1323లో ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పూర్తిగా పడిపోయింది.

వరంగల్ వెళ్లినవారు శిలాతోరణాలు చూసి తిరిగి వచ్చేస్తారు. కొంచెం వెలుపలికి నడిస్తే గట్టులాగా పొడవునా సాగే మట్టికోట కనబడుతుంది. కర్రకోట ఆ గట్టుకు అవతల ఉండేది.