పళ్లు లేనివారు కూడా రండి

మా సాలూరు చుట్టుప్రక్కల పల్లెల్లో పళ్ల డాక్టర్లు ఉచిత శిబిరము పెట్టారంటే, ముందుగా వచ్చేది పంటి పోటుతో నిద్రలేని వాళ్లే. పన్ను తీయించుకొని, దూది నొక్కిపట్టుకొని సంతోషంగా వెళ్లిపోతారు. పేర్లు రాయడానికి, బల్లలు సర్దడానికి మేము వెళ్లిన శిబిరములోనూ అంతే. సెలవు రోజున సొంత ఖర్చులతో పట్నం నుండి వచ్చిన ఆ డాక్టర్లకు భోజనానికైనా తీరిక దొరకలేదు.

ఒక మామ్మగారు మాత్రం అరుగు మీదే కూర్చుండిపోయారు. రమ్మంటే, "నాకు పళ్లే నేవు గదా బాబూ, నానెందుకు?" అన్నారు. ఆమె చేతిలో చుట్ట ఉంది. కాలే కొనను నోటిలోపల పెట్టుకొని పీల్చే అడ్డపొగ ఆమెకు చిన్ననాటి అలవాటు. డాక్టరమ్మ బ్రతిమాలి నోరు తెరిపించి, టార్చి వేసి అంగిలి చూసింది. తెల్లని మందపు పొర, మధ్యలో ఎర్రని మచ్చ.

"నొప్పి ఉందా మామ్మా?"

"నేదమ్మా."

కేన్సరుకు ముందు వచ్చే ఇటువంటి మచ్చలు తరచుగా నొప్పి పెట్టవు. అందుకే ఎవరూ చూపించుకోరు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. డెన్మార్కు దంతవైద్య ఆచార్యుడు జెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధనా సంస్థకు చెందిన డాక్టర్ ఫాలీ మెహతా, వారి సహచరులు కలిసి మన ప్రాంతములో 10,169 మంది గ్రామస్థులపై జరిపిన పరిశీలనను 1971లో ప్రకటించారు. అది శ్రీకాకుళం జిల్లాలో జరిగింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేవరకు మా సాలూరు కూడా ఆ జిల్లాలోదే. (2022 నుండి మేము పార్వతీపురం మన్యం జిల్లావారము.) చూసినవారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ త్రాగేవారే. వారిలో ఆడవారు ఎక్కువ. తరువాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడేవారిని ఏళ్ల తరబడి కలిసి, నోరు పరీక్షించి, మానమని నచ్చజెప్పారు. మానినవారిలో ఇటువంటి మచ్చలు రావడం బాగా తగ్గింది.

తల్లి త్రాగుతుంటే కూతురు నేర్చుకుంటుంది. గాలికి ఆరదు, నుసి రాలదు, పని చేసుకుంటూనే త్రాగవచ్చు అంటారు. పొలములో నాట్లు వేసే మనిషికి అది సౌకర్యమే, కాదనలేము. కాని ఆ నిప్పు వేడి, పొగ తిన్నగా తగిలేది అంగిలికే.

మీ సంఘములో పళ్ల శిబిరము పెడితే, ప్రకటనలోనే "పళ్లు లేనివారు కూడా రండి" అని చదవండి. అంగిలి చూడమని డాక్టర్లను అడగండి. అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్షించాలి, అందుకు పెద్దాసుపత్రికి వెళ్లాలి. బస్సు ఛార్జీ, తోడు మనిషి ముందే చూసి ఉంచకపోతే చీటీ చూరులోనే ఉండిపోతుంది.

మామ్మగారి మనుమడు మంగళవారం ఆమెను తీసుకువెళతానన్నాడు. చుట్ట ఇంకా మానలేదట. రోజుకు నాలుగు కాల్చేది రెండుకు దిగిందని కోడలు చెప్పింది.