నూటికి ఎంతమంది? ఏ నూటికి?

మీరు అమలాపురంలోనో, తణుకులోనో తొమ్మిదో తరగతి చదువుతున్నారనుకోండి. అమెరికాలో ఉంటున్న మీ పెదనాన్నగారి అబ్బాయి సంక్రాంతికి వచ్చాడు. మాటల మధ్యలో, "ఏమర్రా! అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాల్లో సీటు కావాలంటే ముందు విడతలోనే దరఖాస్తు పెట్టెయ్యాలి. అలా పెడితే సీటొచ్చే అవకాశం మూడు రెట్లు!" అన్నాడు. నమ్మేద్దామా? తొందరపడకండి. ముందు లెక్క చూద్దాం.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులను రెండు విడతలుగా ఎంపిక చేస్తుంది. నవంబరు 1 లోగా దరఖాస్తు పెట్టినవారికి డిసెంబరులో ఫలితం చెబుతుంది. మిగతావారికి మార్చి నెలాఖరులో చెబుతుంది. 2023లో చేరవలసిన తరగతికి తొలి విడతలో 9,553 మంది దరఖాస్తు పెడితే 722 మంది ఎంపికయ్యారు. అంటే నూటికి 7.6 మంది. రెండో విడతలో 47,384 మంది దరఖాస్తు పెడితే, ఎంపికైనవారు 1,220 మంది. అంటే నూటికి 2.6 మందే. తొలి విడతలో వాయిదా పడ్డవారిని కూడా రెండో విడతలో మళ్లీ పరిశీలిస్తారు కనుక, నిజానికి ఇది ఇంకా కాస్త తక్కువే.

మూడు రెట్లన్న మాట లెక్కకు సరిపోయింది! అయితే ఆ మూడు రెట్ల మహిమ తేదీదేనా?

దీనికి జవాబు వెతకడానికి అమెరికా వెళ్లనక్కరలేదు. మన ఆకుమడి గట్టు దాకా వెళ్తే చాలు.

ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు వదలగానే డెల్టాలో సార్వా పనులు మొదలవుతాయి. కొందరు రైతులు విత్తనాలను ముందుగా ఉప్పునీళ్లలో పోస్తారు. గట్టి గింజలు అడుక్కి దిగుతాయి, తేలిక గింజలు పైకి తేలతాయి. తేలినవాటిని తీసేసి, మునిగినవాటిని మంచినీళ్లతో కడిగి వాడతారు.

ఇప్పుడొక చిన్న లెక్క. గట్టి గింజల్లో పదింటికి తొమ్మిది మొలుస్తాయనీ, తేలిక గింజల్లో పదింటికి ఒకటే మొలుస్తుందనీ అనుకుందాం. ఒక రైతు సోమవారం నాడు 100 గింజలు చల్లాడు. వాటిలో 80 గట్టివి, 20 తేలికవి. మొలిచినవెన్ని? 72, 2 కలిపి 74. గురువారం నాడు మరో 100 గింజలు చల్లాడు. ఈసారి 30 గట్టివి, 70 తేలికవి. మొలిచినవి 27, 7 కలిపి 34.

"చూశారా, సోమవారం చల్లితే రెండు రెట్లకు పైగా మొలిచాయి!" అని ఆ రైతు అంటే మీరేమంటారు? నవ్వుతారు కదూ! ఏ వారమైనా గట్టి గింజ మొలిచే అవకాశం పదికి తొమ్మిదే. మారింది వారం కాదు, గంపలోని గింజలు.

హార్వర్డ్ లెక్కనూ ఈ కంటితోనే చూడాలి. తొలి విడత గంపలో ఎవరుంటారు? చాలా ముందునుంచీ సిద్ధమైనవారు ఎక్కువగా ఉంటారు. విశ్వవిద్యాలయం తన జట్ల కోసం ముందే చూసి పెట్టుకున్న ఆటగాళ్లూ ఎక్కువగా ఇందులోనే ఉంటారు. 7.6 అన్నది ఆ గంప మొత్తం గురించిన మాట. అందులోని ఒక్కొక్క గింజ గురించిన మాట కాదు.

అయితే తేదీకి ఏ బలమూ లేదా? తేల్చుకోవాలంటే ఒకే రకం గింజలను రెండు రోజుల్లోనూ చల్లి చూడాలి. క్రిస్టఫర్ ఎవరీ, ఆండ్రూ ఫెయిర్‌బ్యాంక్స్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే ముగ్గురు దాదాపు ఇలాంటి పనే చేసి, 2003లో ఒక పుస్తకంగా ప్రచురించారు. పోటీ ఎక్కువగా ఉన్న 14 కళాశాలల్లో, సమానమైన అర్హతలున్న విద్యార్థులను రెండు విడతల్లోనూ పోల్చి చూశారు. ముందు విడతలో పెట్టడం వల్ల కలిగే లాభం, 1,600 మార్కుల 'శాట్' పరీక్షలో దాదాపు 100 మార్కులు అదనంగా తెచ్చుకోవడంతో సమానమని తేల్చారు. అంటే తేడాలో కొంత గింజది, కొంత తేదీది!

ఇక్కడే న్యాయం గురించిన ప్రశ్న పుడుతుంది. నవంబరుకల్లా సిద్ధం కావాలంటే దారి చెప్పే పెద్దలుండాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు ముందు విడతలో ఎంపికైతే తప్పనిసరిగా చేరాలంటాయి. అప్పుడు ఎక్కడ ఎంత ఆర్థిక సహాయం ఇస్తారో పోల్చి చూసుకునే వీలుండదు. డబ్బున్నవారికి ఇది చిక్కు కాదు, లేనివారికి పెద్ద చిక్కు. ముందు విడత కలిగినవారికే మేలు చేస్తోందని 2006లో హార్వర్డ్ దాన్ని ఎత్తివేస్తున్నట్లు ప్రకటించింది. 2011లో మళ్లీ తెచ్చింది.

ఇక మన దేశానికి వద్దాం. 2024లో ఐ.ఐ.టి.లన్నిటిలో కలిపి 17,740 సీట్లున్నాయి. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్ష రాసినవారు 1,80,200 మంది. అంటే సుమారు పదిమందికి ఒక సీటు. ఫరవాలేదే అనిపిస్తోందా? ఆగండి. ఆ పరీక్షకు ముందు జె.ఇ.ఇ. మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైమాటే. వారితో లెక్కకడితే సుమారు 80 మందికి ఒక సీటు! సీట్లు ఒక్కటి కూడా తగ్గలేదు. భిన్నంలో లవం అలాగే ఉంది, హారం మారింది, అంతే. ఐ.ఐ.టి. శాతాన్నీ హార్వర్డ్ శాతాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది కష్టమో తేల్చలేకపోవడానికి కారణం కూడా ఇదే.

ఒక పని చెయ్యండి. గుప్పెడు వడ్లను ఉప్పునీళ్లలో వేసి మునిగినవీ తేలినవీ వేరు చెయ్యండి. రెంటినీ బాగా కడిగి, తడిగుడ్డలు పరిచిన రెండు పళ్లేల్లో వేరువేరుగా యాభైయేసి గింజలు ఉంచండి. వారం రోజులు గుడ్డ ఆరకుండా చూసి, మొలకలు లెక్కపెట్టండి. తరవాత మీ పెదనాన్నగారి అబ్బాయికి ఆ పళ్లేలు చూపించి అడగండి: "అన్నయ్యా, నువ్వు చెప్పిన శాతం ఏ గంపలోది?"