12 వోల్టుల తీగ ఎందుకు వేడెక్కుతుంది?

బొమ్మల కొలువు మెట్లకు అంటించిన 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ షాక్ కొట్టదు కదా, మరి దాని తీగ ఒక్కోసారి ఎందుకు వేడెక్కుతుంది? షాక్‌కూ వేడికీ కారణాలు వేరు. చిన్న చెంబుతో గోలెం నింపాలంటే ఎక్కువసార్లు తిరగాలి. అలాగే వోల్టులు తగ్గితే, అంతే వెలుగుకు ఎక్కువ కరెంటు పారాలి. 60 వాట్లకు 230 వోల్టుల దగ్గర సుమారు పావు ఆంపియరు చాలు. 12 దగ్గర 5 కావాలి. అదే తీగలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు! అందుకే సన్న తీగ పనికిరాదు (మెట్లమీద పట్టుచీర పరిస్తే మరీను).

“కరెంటు ఎక్కువైతే అడాప్టరే ఆపేస్తుందిగా?” అంటారేమో. మంచిదైతే ఆపుతుంది, కానీ తన హద్దు దాటాకే. సన్న తీగ అంతకుముందే మాడొచ్చు. కాబట్టి అడాప్టరు పక్కనే, ప్లస్ తీగలో, ఆ తీగ భరించేంత ఫ్యూజు పెట్టాలి. గోడ ప్లగ్గు మాత్రం 230 వోల్టులది, అది పెద్దవాళ్ల పని.