పాత కంప్యూటరుకు కొత్త దుబాసీ

అమలాపురం: పెద్దవాడు డిప్లొమా చదివే రోజుల్లో కొన్న కంప్యూటరు, వాడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాక గదిలో ఓ మూల దుప్పటి కప్పుకుని కూర్చోవడం కోనసీమ ఇళ్ళలో కొత్తేమీ కాదు. అమ్మబోతే పాత ఇనుము కింద తూకానికి అడుగుతారు. వాడుకుందామంటే, అందులోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగించింది. తరువాతిదైన విండోస్ 11కు టీపీఎం అనే భద్రతా ఏర్పాటులో కొత్త రకం ఉండాలి. పాత యంత్రాల్లో చాలావాటికి అది లేదు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల కంప్యూటరు భాష నేర్చుకుంటానంటుంది. కొత్త యంత్రం కొనాలంటే సార్వా ధాన్యం డబ్బులు చేతికి వచ్చేదాకా ఆగాలి.

ఈ చిక్కు ఈ విలేఖరి ఇంట్లోనే వచ్చింది. అడిగింది మా అన్నయ్య కూతురు. దుప్పటి తీసి, నాలుగు ఆదివారాలు కుస్తీ పట్టి, ఆ పాత యంత్రం మీదనే పైథాన్ అనే భాషను మేమే తయారు చేసుకుని నిలబెట్టాము. ఎక్కడ బోల్తా పడ్డామో చెబితే ఇలాంటి పనికి దిగేవారికి ఒకటి రెండు ఆదివారాలైనా మిగులుతాయి.

దేశవాళీ వ్యవస్థ

కంప్యూటరును నడిపించే మూల వ్యవస్థ విండోస్ ఒక్కటే కాదు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఉంది. దాని ఆధారంగా 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ ఉంది. ఆ డెబియన్ మీద కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చెన్నైలో రూపొందించినదే బాస్, అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్. 2007 జనవరిలో విడుదలైంది. తెలుగుతో సహా మన దేశ భాషల్లో వాడుకోవచ్చు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ కూడా తెలుగు తెరలతో ఒక వ్యవస్థను తయారు చేసింది. ఇవేవీ రూపాయి అడగవు.

అడగకపోయినా వాడేవారు తక్కువ. తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత లాప్‌టాప్‌ల పథకంలో విండోస్ పక్కనే బాస్‌ను కూడా వేసి ఇచ్చారు. మన వైపు కంప్యూటరు నేర్పేవారిని ఇద్దరు ముగ్గురిని అడిగితే మాత్రం "అదేంటండీ, ఎప్పుడూ వినలేదే" అన్నారు. తప్పు వారిది కాదు. నలుగురూ వాడని వ్యవస్థలో ఏ చిక్కు వచ్చినా పక్కింటివాణ్ణి అడగడానికి ఉండదు. అసలు కష్టం అదే.

దుబాసీ సంగతి

కంప్యూటరు గుండెకాయ లాంటి చిప్పుకు తెలిసినవి సున్నా, ఒకటి. మనకు తెలిసినది మన భాష. దొరల కాలంలో కచేరీలో దొరకూ రైతుకూ మధ్య దుబాసీ నిలబడినట్లే ఇక్కడా ఒకడు కావాలి. మనం కాగితం మీద వరుసగా రాసిచ్చిన పనులను పై నుంచి కిందికి చదువుతూ చిప్పు చేత చేయించేవాడే పైథాన్. ఒక వరుస మార్చాలంటే మార్చి మళ్ళీ చదివిస్తే సరి. నేర్చుకునేవారికి ఇంతకంటే సుఖమైన పద్ధతి లేదు.

నెదర్లాండ్స్‌కు చెందిన గ్విడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో, క్రిస్మస్ సెలవుల్లో దీన్ని రాయడం ప్రారంభించి 1991 ఫిబ్రవరిలో లోకానికి ఇచ్చాడు. పేరు విని కొండచిలువ అనుకోనక్కరలేదు. ఆయనకు ఇష్టమైన ఒక బీబీసీ హాస్య కార్యక్రమం పేరది.

అయితే ఈ దుబాసీ కూడా ఒక ప్రోగ్రామే. చాలా భాగం సీ అనే భాషలో రాసి ఉంది. ఆ సీ రాత ధాన్యమనుకోండి. దాన్ని ఈ యంత్రానికీ, ఈ వ్యవస్థకూ సరిపడేట్లు మరాడిస్తే వచ్చేది బియ్యం. ఎక్కువమంది వాడే వ్యవస్థలకు ఎవరో మరాడించి సంచీ కట్టి ఇస్తారు. డెబియన్ వారూ బియ్యమే ఇస్తారు గానీ ఏ ఏటి పంట ఆ ఏటిదే. 2021 ఆగస్టు నాటి డెబియన్ 11లో ఉన్నది పైథాన్ 3.9. 2023 జూన్ నాటి డెబియన్ 12లో 3.11. ఆ 3.9కి సవరణలు ఇవ్వడం తయారీదారులు 2025 అక్టోబరుతో ఆపేశారు. పైగా 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ల పాత ఇంటెల్ యంత్రాలకు స్థాపన డిస్కే లేదు. ఇటువంటి యంత్రం ఉన్నవారు కొత్త పైథాన్ కావాలంటే ధాన్యం తెచ్చుకుని ఇంట్లో మరాడించుకోవడమే మార్గం.

ఆ ధాన్యం దాచిపెట్టినది కాదు. ఎవరైనా తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి పెట్టవచ్చు. మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029 రకాన్ని, మన రైతు తన చేలోనే విత్తనం కట్టి మరుసటి ఏడు చల్లుకున్నాడు గదా. ఇదీ అలాంటిదే. మూట కూడా చిన్నది, సుమారు 20 మెగాబైట్లు. మేము పెన్‌డ్రైవులో తెచ్చుకున్నాము.

మర తిప్పడం

ముందు మర ఉండాలి. సీ రాతను యంత్ర భాషలోకి మార్చే జీసీసీ, దానికి తోడు సామాను, అన్నీ కలిపి బిల్డ్ ఎసెన్షియల్ అనే పేరుతో దొరుకుతాయి. వాటితోపాటు జడ్‌లిబ్, ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ, రీడ్‌లైన్ అనే వాటిని 'డెవ్' అన్న తోకతో ఉన్న మూటలుగా తెచ్చుకోవాలి. తోక లేనివి తెచ్చుకుంటే ఇక్కడ పనికిరావు. మొదటి ఆదివారం ఫోను నెట్‌తో వీటిని దించుకోవడానికే సరిపోయింది.

తరువాత నల్ల తెర మీద మూడు ఆజ్ఞలు. కాన్ఫిగర్ అంటే, మర మేస్త్రి పని మొదలెట్టే ముందు బెల్టు ఉందా, జల్లెడ ఉందా అని చూసుకున్నట్లు, ఈ ఇంట్లో ఏమేమి ఉన్నాయో చూసుకుంటుంది. మేక్ అంటే మర తిరుగుతుంది. మూడోది తయారైనదాన్ని దాని చోట పెడుతుంది. కాన్ఫిగర్ చెప్పేది ఎవరూ చదవరు. మేమూ చదవలేదు. వందల వరుసలు గబగబా పైకి పోతుంటే మా పిల్ల "ఏదో సినిమా పేర్లలా ఉంది బాబాయ్" అంది.

రెండో ఆదివారం మర సగంలో ఉండగా కరెంటు పోయింది. భయపడవలసింది లేదని మాకు తెలుసు. మేక్ అనేది 1976లో బెల్ ప్రయోగశాలలో స్టువార్ట్ ఫెల్డ్‌మన్ రాసిన పాత పనిమంతుడు. అయిపోయిన ఫైళ్ళను ముట్టుకోడు, మిగిలినవే చేస్తాడు. రెండు గంటలకు కరెంటు వచ్చింది. మళ్ళీ మేక్ అన్నాము. మొదటి నుంచీ మొదలుపెట్టాడు! ఆపి మళ్ళీ అన్నా అంతే.

కారణం తెలుసుకోవడానికి రాత్రి పదకొండు దాటింది. ఏది అయింది, ఏది కాలేదు అని మేక్ చూసుకునేది ఫైళ్ళ మీది తేదీలను బట్టి. మూలం కంటే తయారైన ఫైలు కొత్తదైతే పని అయినట్లు, పాతదైతే కానట్లు. మా యంత్రం లోపలి బటన్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. తేదీ మేమే చేత్తో పెట్టుకున్నాము. కరెంటు పోగానే అది కొన్నేళ్ళు వెనక్కి వెళ్ళింది. ఇప్పుడు చేసిన ఫైళ్ళకు ఆ పాత తేదీయే పడుతోంది. పైథాన్ మూలం 2024 నాటిది. ఇంకేముంది, ఎన్నిసార్లు చేసినా మేక్ కంటికి పని కానట్లే.

కరెంటు కోతలు ఉన్న ఊళ్ళో, పాత యంత్రంతో ఈ పనికి దిగేవారు ముందుగా కొనవలసింది ఆ సీఆర్ 2032 బ్యాటరీ. తేదీ తప్పితే నెట్‌లో భద్రమైన చోట్లు కూడా తెరుచుకోవు, ధ్రువపత్రాలకు ఇంకా గడువు మొదలు కాలేదంటాయి. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ మొదటి పేజీలో ఉండదు.

పాతవాణ్ణి వెళ్ళగొట్టవద్దు

మూడో ఆదివారం చేసినది మా సొంత తెలివితక్కువ పని. బ్యాటరీ మార్చాము, మర సుమారు 40 నిమిషాలు తిరిగింది, పైథాన్ 3.12 తయారైంది. ఇక పాత పైథాన్ ఎందుకని తీసేయమన్నాము. ఫలానా ఫలానావి కూడా పోతాయని తెర మీద పొడుగాటి జాబితా వచ్చింది. చదవకుండా సరే అన్నాము. యంత్రం మళ్ళీ తెరిస్తే బొమ్మలు లేవు, మౌసు లేదు, నల్ల తెర మీద అక్షరాలు మాత్రం ఉన్నాయి. డెబియన్ తన సొంత ఇంటి పనులు కొన్ని ఆ పాత పైథాన్ చేతనే చేయించుకుంటుంది. పాత దుబాసీని వెళ్ళగొడితే అతని మీద ఆధారపడిన సిబ్బంది అంతా లేచిపోయారన్నమాట. వ్యవస్థ మొత్తం తిరిగి వేసుకోవలసి వచ్చింది.

అందుకే మూడో ఆజ్ఞగా ఉత్త ఇన్‌స్టాల్ అనకూడదు, ఆల్ట్‌ఇన్‌స్టాల్ అనాలి. అప్పుడు కొత్తవాడు పైథాన్3.12 అనే పూర్తి పేరుతో, లోకల్ అనే వేరే గదిలో ఉంటాడు. పాతవాడి పేరు లాక్కోడు. ఎవరి పని వారిది.

ఇంకొక్కటి. మర ఆగాక చివరి వరుసల్లో ఫలానా భాగాలు దొరకలేదని చెబుతుంది, అవి తప్పక చదవాలి. పైథాన్ 3.10 నుంచి ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 గానీ అంతకంటే కొత్తది గానీ కావాలి. మరీ పాత బాస్‌లో అది ఉండదు. పైథాన్ తయారవుతుంది గానీ నెట్ నుంచి అదనపు సామాను తెచ్చుకోలేడు.

తెలుగు పేర్లు

నాలుగో ఆదివారం సాయంత్రానికి అన్నీ కుదిరాయి. పిల్ల మొదట వేసిన లెక్క ఇంటి ధాన్యానిదే. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 నుంచి మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉండవచ్చు. 'బస్తాలు' అని పేరు పెట్టి 40 అంది. 'ధర' అని పేరు పెట్టి 2025-26 సాధారణ రకం మద్దతు ధర 2369 అంది. బస్తాకు 75 కిలోల చొప్పున క్వింటాళ్ళు కట్టి ధరతో హెచ్చించమంది. 71070.0 అని వచ్చింది.

"చివర చుక్కా సున్నా ఎందుకు బాబాయ్?"

"భాగహారం చేయించావు గదమ్మా. శేషం లేకపోయినా అతను దశాంశంలోనే చెబుతాడు."

భాషలోని 35 మూల పదాలు మాత్రం ఇంగ్లీషువే, వాటిని మార్చడానికి లేదు. తెలుగు పేర్లతోనూ ఓ చిక్కుంది. 'క్వింటాల్‌ధర' అని రాస్తే ఒప్పుకోలేదు. ల పొల్లుకు కింద ధ వత్తు పడకుండా మనం టైపులో పెట్టే కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంది, అది పైథాన్‌కు గిట్టదు. మధ్యలో కింది గీత పెట్టి 'క్వింటాల్_ధర' అంటే సరిపోయింది.

తాతగారి లెక్కల పుస్తకం తెచ్చి, అందులో ఉన్నట్లు ౪౦ అని తెలుగు అంకెలతో వేసి చూసింది. ప్రోగ్రాములో నేరుగా రాస్తే తప్పంది. ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును ఇంట్ అనే ఏర్పాటుతో అంకెగా మార్చుకునేట్లు రాస్తే మాత్రం ౪౦ని 40గానే తీసుకుని లెక్క కట్టింది. ఇప్పుడా పుస్తకంలోని కొబ్బరికాయల దింపుల లెక్కలన్నీ ఎక్కిస్తానంటోంది.