పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

ఉద్యోగ నోటిఫికేషన్‌కు అప్లికేషన్ సగం నింపారు. ఫొటో, సంతకం అప్‌లోడ్ అవుతున్నాయి. ఇంతలో స్క్రీన్ నల్లబడింది, పీసీ దానంతటదే మళ్లీ ఆన్ అయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో పాత డెస్క్‌టాప్ ఉన్న ఇళ్లకు ఇది కొత్తేం కాదు. గల్ఫ్‌లో ఉన్న ఇంటాయనతో వీడియో కాల్ మధ్యలో ఆగిపోయినా, పిల్లల ప్రాజెక్టు సేవ్ కాకముందే పోయినా మొదట వినిపించే సలహా ఒక్కటే.. 'ఫార్మాట్ కొట్టిస్తే సెట్ అయితది'.

చాలాసార్లు సెట్ కాదు. పైగా ఫొటోలు పోతాయి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డాక్యుమెంట్స్‌లో దాచుకునేవన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ కొట్టేది దాన్నే. డీ, ఈ డ్రైవ్‌లలో డేటా సేఫ్ అని షాపతను చెప్పేది అబద్ధం కాదు. పెళ్లి ఫొటోల ఫోల్డర్ డెస్క్‌టాప్ మీద ఉందని ఆయనకు తెలియదు, అంతే.

ఆగిన తీరులోనే సగం జవాబు

ముందు గమనించాల్సింది పీసీ ఎలా ఆగిందన్నది. ఏ మెసేజ్ లేకుండా, స్విచ్ తీసేసినట్టు టప్పున ఆగిపోతే అనుమానం కరెంట్ మీద, ఎస్‌ఎంపీఎస్ మీద, వేడి మీద. నీలం స్క్రీన్ వచ్చి, ఏదో ఎర్రర్ కోడ్ చూపించి రీస్టార్ట్ అయితే డ్రైవర్, ర్యామ్, డిస్క్ వైపు చూడాలి. విండోస్ 11లో 2025 అప్‌డేట్ల తర్వాత ఈ స్క్రీన్ నీలం నుంచి నలుపుకు మారింది. కాబట్టి నల్ల స్క్రీన్ మీద అక్షరాలు ఉన్నాయా లేదా అన్నదే తేడా.

ఆ మెసేజ్ చదివేలోపే మాయమవుతుంటే ఒక సెట్టింగ్ మార్చాలి. స్టార్ట్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని వెతికి తెరిచి, స్టార్టప్ అండ్ రికవరీలో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' దగ్గర టిక్ తీసేయాలి. అప్పుడు ఎర్రర్ స్క్రీన్ అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

విండోస్ తన వంతుగా డైరీ కూడా రాసుకుంటుంది. 'రిలయబిలిటీ హిస్టరీ' అని వెతికితే ఏ రోజు, ఎన్ని గంటలకు క్రాష్ అయిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అని ఉంటే చాలామంది కంగారు పడతారు. దాని అర్థం పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయిందని మాత్రమే. అందులో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే ఎర్రర్ రాసుకునే టైమ్ కూడా విండోస్‌కు దొరకలేదన్నమాట. అలాంటప్పుడు కరెంట్ వైపు నుంచే వెతకడం మొదలుపెట్టాలి.

ఫ్యాన్ ఆగలేదు, పీసీ ఎందుకు ఆగింది?

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కరెంట్ పోయినా బల్బు ఒక్కసారి మిణుకుమని వెలుగుతూనే ఉంది, పీసీ మాత్రం రీస్టార్ట్ అయింది. ఇక్కడ లెక్కంతా మిల్లీ సెకన్లలో ఉంది. కరెంట్ తెగిన క్షణం నుంచి ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్న ఛార్జ్‌తో సుమారు 16 మిల్లీ సెకన్లు మాత్రమే పీసీని నిలబెట్టగలదు. కెపాసిటర్లు పాతబడితే అది కూడా ఉండదు. ఆలోపు ఇన్వర్టర్ బ్యాటరీ మీదకు మారాలి. ఇళ్లలో వాడే చాలా ఇన్వర్టర్లకు వెనకో ముందో 'యూపీఎస్', 'నార్మల్' లేదా 'ఎకో' అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్ మోడ్‌లో మారడానికి పట్టే సమయం ఎక్కువ, ఫ్యాన్లకు, లైట్లకు అది సరిపోతుంది. పీసీకి సరిపోదు. స్విచ్ యూపీఎస్ వైపు తిప్పితే, రూపాయి ఖర్చు లేకుండా సమస్య తీరిపోయే ఇళ్లు కూడా ఉంటాయి. వోల్టేజ్ తగ్గినప్పుడల్లా ఈ మోడ్‌లో ఇన్వర్టర్ త్వరగా బ్యాటరీ మీదకు వెళ్తుంది, అది మామూలే.

పీసీకి విడిగా యూపీఎస్ ఉన్నవాళ్లు బ్యాటరీ వయసు చూసుకోవాలి. లోపలి చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లకే నీరసపడుతుంది. పనులన్నీ సేవ్ చేసి, యూపీఎస్‌కు వచ్చే గోడ స్విచ్ ఆపి చూడండి. పీసీ వెంటనే ఆరిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే. పీసీ ఒక్కటే కాదు, ఇంట్లో లైట్లు కూడా తరచూ డిమ్ అవుతుంటే అది కరెంటోళ్లకు చెప్పాల్సిన విషయం. సిరిసిల్ల వాళ్లకు అది సెస్, జగిత్యాల, కోరుట్ల వాళ్లకు ఎన్‌పీడీసీఎల్.

ల్యాప్‌టాప్‌కు ఈ గొడవ లేదు, బ్యాటరీ బాగుంటే కరెంట్ పోయినట్టే దానికి తెలియదు. అయినా ఆగిపోతోందంటే వేడి సంగతి చూడాలి.

సాంచాల ఊళ్లో దుమ్ము వేరు

సిరిసిల్లలో వేలాది మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు, రాత్రింబవళ్లు నడుస్తాయి. వాటి చుట్టుపక్కల గాలిలో ఉండే నూలు పోగుల నూగు మామూలు మట్టి దుమ్ములా రాలిపోదు. ప్రాసెసర్ మీద ఉండే హీట్‌సింక్ రేకుల మధ్య దూరి, దుప్పటి కప్పినట్టు పేరుకుంటుంది. ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు.

దీనికి ఎండ తోడైతే చెప్పేదేముంది? జగిత్యాల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం తెలిసిందే. ఫ్యాన్ ఎంత తిరిగినా గదిలో గాలి కంటే ప్రాసెసర్‌ను చల్లగా చేయలేదు. 100 డిగ్రీల దగ్గరికి రాగానే ప్రాసెసర్ ముందు స్పీడ్ తగ్గించుకుంటుంది, అయినా వేడి తగ్గకపోతే కాలిపోకుండా తనను తాను ఆపేసుకుంటుంది. మధ్యాహ్నం గేమ్ ఆడితే ఆగి, తెల్లవారుజామున గంటల తరబడి ఆగకపోతే అనుమానం వేడి మీదే. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిగ్రీలు చూడొచ్చు.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్ పూర్తిగా తీసేయాలి. బ్లోవర్ కొడుతుంటే ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేదంటే అతివేగంగా తిరిగి పాడవుతుంది. పంక్చర్ షాపు గాలి మాత్రం వద్దు, అందులో తేమ, ఆయిల్ ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఇంట్లో విప్పకూడదు. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపల షాక్ కొట్టేంత ఛార్జ్ నిలిచి ఉండొచ్చు.

ర్యామ్, డిస్క్, ఒక చిన్న బటన్

రెండు ర్యామ్ స్టిక్‌లు ఉంటే ఒకటి తీసి ఒకటి రోజు వాడి చూడటం పాత పద్ధతే కానీ బాగా పనిచేస్తుంది. 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' కూడా ఉంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో హార్డ్ డిస్క్‌కు 'కాషన్' లేదా 'బ్యాడ్' అని వస్తే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఫొటోలు కాపీ చేసుకోవాలి. ఇంకోటి.. పాత క్యాబినెట్లలో రీసెట్ బటన్ ఇరుక్కుపోయి పీసీ పదే పదే రీస్టార్ట్ అవుతుంది. ఎవరికీ తోచదు.

సాఫ్ట్‌వేర్ తప్పు అసలు ఉండదా అంటే ఉంటుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. అది కంపెనీలు వాడే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్. ఇళ్లలో అయితే కొత్తగా వేసిన డ్రైవర్‌ను వెనక్కి తీయడం, సేఫ్ మోడ్‌లో నడిపి చూడటం సరిపోవచ్చు. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని వోల్టేజ్ లోపంతో క్రాష్ అయ్యాయి. 2024లో దానికి బయోస్ అప్‌డేట్లు వచ్చాయి, వారంటీని కంపెనీ మరో రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్ అప్‌డేట్‌తో బాగుపడదు, మార్పించుకోవాల్సిందే.

'విండోస్ 10 బంద్ అయింది, అందుకే ఆగుతోంది' అనే మాట కూడా నమ్మక్కర్లేదు. 2025 అక్టోబర్ 14తో ఆగింది మైక్రోసాఫ్ట్ సపోర్ట్. అంటే సెక్యూరిటీ ముప్పు ఉంది కానీ పీసీ రీస్టార్ట్ అవడానికి అది కారణం కాదు.

ఇవన్నీ చూశాక కూడా షాపుకు తీసుకెళ్లాల్సి వస్తే ఏ టైమ్‌లో, ఏం చేస్తుండగా ఆగిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ముందుగా వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి కాసేపు నడిపి చూడమని అడగండి, దానికి పట్టేది అరగంటే. ఇంటి నుంచి బయల్దేరేముందు డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్ మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.