గాలిమోటరులో నలుగురు పనోళ్లు

మా చిన్నతనంలో ఊళ్లె విమానాన్ని గాలిమోటరు అనేవాళ్లు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు నడుమ మాకు దాని మోత వినబడేది కాదు. ఎవడో ఒకడు బయటినుంచి ‘అగో గాలిమోటరు’ అని ఒర్రితే పని ఇడిసిపెట్టి ఉరికొచ్చి చూసేవాళ్లం. అరవై దాటినంక నేను ఆ గాలిమోటరు ఎక్కిన. ఒకసారి పోవుడు, ఒకసారి వచ్చుడు. పోయేటప్పుడు ఒక తీరు చూసిన, వచ్చేటప్పుడు ఇంకో తీరు చూసిన. ఇప్పుడు మన పద్మానగర్‌లో చాలా ఇండ్లల్ల పిల్లలు టికెట్టు తీసి ముసలోళ్లను విమానం ఎక్కిస్తున్నరు. అందుకని లోపల మనకు పని చేసిపెట్టే వాళ్ల గురించి నాకు తెలిసినంత రాస్తున్న.

ముందు ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో చెప్పాలె. 1989లో మా నాయిన పోయినప్పుడు టెలిగ్రాం కారఖానాకు వచ్చింది. మెహతా దాన్ని జేబుల పెట్టుకొని, షిఫ్టు అయినంక చేతికిచ్చిండు. సాంచా ఆగుతదని ఆయన భయం. నేను కల్యాణ్ స్టేషనుకు ఉరికి, జనరల్ డబ్బాలో నిలబడి, సికింద్రాబాదులో దిగి, బస్సు పట్టుకొని ఇల్లు చేరేసరికి మూడోనాడు. కొరివి పెట్టేది మా అన్న కాబట్టి పని ఆగలేదు. నాకు మాత్రం నాయిన మొఖం దక్కలేదు.

పోయినేడు చలికాలం ఆ అన్నకే పానం బాగలేదని రాత్రి పదింటికి ఫోను. దవాఖానోళ్లు ఒక రోజు కూడా చెప్పలేమన్నరట. రైలు మాట ఎత్తితే మా పెద్దోడు ఇనలేదు. ఫోన్లనే ఏదో నొక్కి తెల్లారగట్ల విమానానికి రెండు టికెట్లు తీసిండు. ధర అడిగితే చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. రాత్రి రెండింటికి భివండి నుంచి బండి కట్టుకొని ఠాణా మీదుగా ముంబై ఎయిర్‌పోర్టుకు పోయినం.

లోపల మూడు సీట్ల వరుసలో నాది కిటికీ పక్కది, మా ఇంటామెది నడిమిది. ఆమె బెల్టు పెట్టుకోలేక తిప్పలు పడుతుంటే ఒక పిల్ల వచ్చి వంగి టక్కున పెట్టి, ఎట్ల తీయాల్నో కూడా ఒకసారి చేసి చూపెట్టింది. హిందీల ‘అమ్మాజీ’ అన్నది. మనం భివండిల నలభై ఏండ్లు బతికినోళ్లం కాబట్టి హిందీకి ఇబ్బంది లేదు. అదే ఊరినుంచి నేరుగా వచ్చిన ముసలోళ్లయితే ఏం చేస్తరు? ముంబై నుంచి హైదరాబాదుకు పోయే విమానంల సగం మంది తెలుగోళ్లే కనబడ్డరు, మైకుల మాత్రం ఇంగ్లీషు, హిందీ తప్ప ఇంకో ముక్క లేదు. ప్రాణం కాపాడుకునే సంగతులు చెప్పేటప్పుడన్న అర్థమయ్యే భాషల చెప్పొద్దా? ఇది ఆ పిల్లల తప్పు కాదు, పైనోళ్లు ఆలోచించాల్సింది.

విమానం లేచినంక నాకు దుఃఖం ఆగలేదు. చెవులు మూసుకపోయినయి, గుండె కొట్టుకుంటున్నది, అన్న ఉన్నడో లేడో తెల్వదు. ఫోన్లు బందు పెట్టమన్నరాయె. మా ఇంటామె ‘ఊకో, మన అన్నకు ఏం కాదు’ అనుడు ఆ పిల్ల చెవుల పడ్డట్టున్నది. బండి తోసుకుంట వచ్చుడు ఆపి, ఒక గ్లాసు నీళ్లు నా ముందట పెట్టి, తెలుగులనే ‘అంకుల్, నీళ్లు తాగుండ్రి. గంటంబావుల దిగుతం’ అన్నది. వరంగల్ దిక్కు పిల్లనట. ఎందుకు ఏడుస్తున్నరని అడగలేదు. అడిగితే చెప్పలేకపోదును. దిగే ముందు మళ్లొచ్చి, ‘మీకు సామాను ఏం లేదు కదా, ముందుకొచ్చి కూసోండ్రి, తలుపు తియ్యంగనే దిగొచ్చు’ అని ముందు వరుసల ఖాళీగున్న సీట్లల్ల కూసోబెట్టింది.

అన్న చెయ్యి పట్టుకునేసరికి మధ్యాహ్నం పన్నెండు. నన్ను గుర్తుపట్టిండు. ‘గాలిమోటరుల వచ్చినవారా’ అని నవ్విండు. ఆ రాత్రే పోయిండు.

ఊళ్లె పదకొండు రోజులున్నం. ఆ ముచ్చట్లు ఇక్కడ వద్దు.

వచ్చేటప్పుడు ఇంకో కంపెనీ విమానం. మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు, షుగరు. పెద్దోడు చక్రాల కుర్చీ ముందే రాయించిండు. విమానం రెండున్నర గంటలు ఆలస్యమైంది. గేటు కాడ అడిగితే ‘అనౌన్స్ చేస్తం’ అనుడే. లోపలికి పోయినంక మా ఇంటామెకు చెమటలు పడుతున్నయి, తినడానికి ఏమన్న ఇయ్యమని అడిగిన. ఆ పిల్ల మొఖం చూడకుండనే ‘కార్డు ఉందా’ అన్నది ఇంగ్లీషుల. మా దగ్గర పైసలున్నయి, కార్డు లేదు. ‘క్యాష్ నహీ’ అని ముందుకు పోయింది. పక్క సీటు పిల్లగాడు తన కార్డు గీకి బిస్కెట్లు ఇప్పించిండు, పైసలు తీసుకోలేదు. ముంబైల దిగినంక అందరూ పోయిండ్రు, ఊడ్చేటోళ్లు వచ్చిండ్రు, మేం అట్లనే కూసున్నం. కుర్చీ వచ్చేసరికి చాలాసేపు పట్టింది. అప్పటిదాకా ‘వెయిట్’ అన్న మాట తప్ప ఇంకో మాట లేదు.

ఇంటికొచ్చినంక నాకు ఈ రెండింటి మీదనే మనసు. ఎయిర్‌పోర్టుల సామాను ఎత్తే పనిచేసే మనోడొకడున్నడు, అతన్ని కూసోబెట్టి అడిగిన. అతను చెప్పినవి మీకూ పనికొస్తయి.

సీట్లు యాభైకి ఒకరు చొప్పున పనోళ్లు ఉండాలని సర్కారు నియమం. 180 సీట్ల విమానానికి నలుగురు. వాళ్ల అసలు పని చాయ్ పొయ్యుడు కాదు, ప్రమాదమైతే మనల్ని బయట పడేసుడు. ఒక కొత్త రకం విమానానికి అనుమతి రావాలంటే నిండా మనుషుల్ని కూసోబెట్టి, సగం తలుపులు మూసేసి, 90 సెకన్లల్ల అందరూ దిగొచ్చని చూపియ్యాలె. లేచేటప్పుడు, దిగేటప్పుడు సీటు నిటారుగ పెట్టుమనుడు, కిటికీ రెక్క తియ్యమనుడు, సంచి కాళ్ల కాడినుంచి తియ్యమనుడు అందుకే. నేను అప్పటిదాకా పెత్తనం చేస్తున్నరనుకున్న.

1986 సెప్టెంబరు 5న మన బొంబాయి నుంచే లేచిన పాన్ ఆమ్ విమానాన్ని కరాచీల తుపాకులోళ్లు పట్టుకున్నరు. అందుల నీరజా భనోత్ అనే బొంబాయి పిల్ల, ఇంకా ఇరవైమూడు నిండలేదు, లోపలోళ్లందరికీ పెద్ద. పైలట్లకు సైగ అందేటట్టు చేసింది, చివరకు జనాన్ని దించుకుంట తూటాలకు పోయింది. సర్కారు అశోకచక్ర ఇచ్చింది. ఆమె మీద సినిమా కూడా వచ్చింది, మన పిల్లలు చూసే ఉంటరు. నవ్వుకుంట నీళ్లిచ్చే పిల్లకు ఆ పని కూడా ఒప్పజెప్పి ఉంటరన్నమాట.

ఇంక జీతం ముచ్చట. ఇది విన్నంక నాకు సాంచా యాదికొచ్చింది. చాలా కంపెనీలల్ల నెలకు ఇంత అని ఉండి, దాని మీద ఎగిరిన గంటల లెక్కన ఇస్తరట. గంటలు లెక్క పెట్టేది విమానం కదిలినకాడినుంచి. ఎయిర్‌పోర్టుల ఆలస్యమై గంటలు గంటలు నిలబడ్డా ఆ లెక్కల రాదు. మనకు మీటరు లెక్కన పగారు ఇచ్చేటోళ్లు గద, కరెంటు పోయి సాంచా ఆగితే ఆ గంట ఎవరిది? మనదే. అట్లనే వాళ్లది. తక్కువ ధర టికెట్ల విమానాలల్ల రోజుకు మూడు నాలుగు సార్లు ఎగురుడు దిగుడు. దిగినంక మళ్లీ ఎగిరే దాకా ఉండే అర్ధగంటల సీట్ల మీది చెత్త కూడా చాలాచోట్ల వాళ్లే ఏరుతరు. మా రెండున్నర గంటల ఆలస్యం ఆ ‘వెయిట్’ పిల్లకు కూడా ఊకనే పోయినట్టే. ఇది తెలిసినంక నాకు కోపం సగం తగ్గింది. మిగిలిన సగం మాత్రం ఉన్నది. అలిసిపోయినా మనిషి మొఖం చూసి మాట్లాడొచ్చు. మనం పన్నెండు గంటల షిఫ్టు చేసి బిస్సీలకు పోతే అన్నం వడ్డించే అక్క మన మొఖం చూసే వడ్డించేది కద.

మా పాత యూనియన్ దోస్తు ఇంకో సంగతి చెప్పిండు. ఒకప్పుడు ఎయిర్ ఇండియాలో ఈ ఆడపిల్లలకు ముప్ఫై ఐదేండ్లకే ఉద్యోగం బందు. చేరిన నాలుగేండ్లలోపు పెండ్లి చేసుకుంటే బందు. మొదటి కడుపు వస్తే కూడా బందు. నర్గీస్ మిర్జా అనే ఆమె, ఇంకొందరు కోర్టుకు పోతే, 1981లో సుప్రీంకోర్టు కడుపొస్తే తీసేసే నియమాన్ని కొట్టేసింది. పెండ్లి నియమాన్ని మాత్రం అప్పుడు ఉంచింది. దత్తా సామంత్ మిల్లు సమ్మె మొదలైంది 1982 జనవరిల, అంటే దానికి కొన్ని నెలల ముందే. అప్పట్ల మనం విమానపోళ్లంటే దొరలనుకున్నం.

మనోళ్లు కూడా కొన్ని మానుకోవాలె, కోపం రావద్దు. నెత్తిమీద బొత్తాం నొక్కితే వాళ్లు వస్తరు, పిల్లలు ఆటకు నొక్కుతుంటే పెద్దోళ్లు నవ్వుకుంట చూస్తరు. ‘ఏయ్’ అని పిలుసుడు, వేలు పెట్టి పొడుసుడు వద్దు. విమానం ఇంకా కదులుతుండంగనే లేసి సంచులు దించుడు మొదలు పెడతరు, అది మరీ పిచ్చి.

అడగాల్సినవి మాత్రం జంకకుండ అడుగుండ్రి. మంచినీళ్లకు పైసలు తీసుకోరు. చక్రాల కుర్చీ టికెట్టు తీసినప్పుడే రాయించాలె. హైదరాబాదు లాంటి దగ్గరి ప్రయాణంల విమానం రెండు గంటలకు మించి ఆలస్యమైతే టిఫిను, నీళ్లు కంపెనీయే ఇయ్యాలె, సర్కారు రూలు. నాకు ఆనాడు తెల్వదు. షుగరున్నోళ్లు చపాతీలో సర్వపిండో కట్టుకొని పోతే ఎవల్నీ అడుగుడే ఉండదు. కారంపొడి మాత్రం చేతిసంచిల పెట్టకుండ్రి, తనిఖీ కాడ తీసి పారేస్తరు. సేవ బాగలేకుంటే ముందు కంపెనీకి, జవాబు రాకుంటే ఎయిర్ సేవ అని సర్కారుది ఉన్నది, దాంట్ల రాయొచ్చు. పెద్దోడు మాది రాసిండు. చింతిస్తున్నమని కంపెనీ జవాబు రాసింది. మా ఇంటామె దాన్ని రెండుసార్లు చదివించుకొని, ‘ఆ పిల్ల పగారు కోసిండ్రా ఏంది?’ అని అడిగింది. కోయలేదని పెద్దోడు అన్నంక నిమ్మళపడ్డది.

మా గల్లీల ఒక పిల్ల పన్నెండు పాసైంది, ఈ ఉద్యోగమే చేస్తనంటున్నది. వాళ్ల నాయిన సాంచా పనే. ఏదో సంస్థోళ్లు ఏడాది కోర్సుకు లక్షకు పైగ అడిగిండ్రట, ఉద్యోగం గ్యారంటీ అన్నరట. అప్పు తేవడానికి తయారైండు. నేను మన సామానుల పిల్లగాన్ని తీసుకపోయి కూసోబెట్టిన. కంపెనీలు నేరుగ ఇంటర్వ్యూలు పెడతయి, దానికి పైసలు అడగరు, తీసుకున్నంక శిక్షణ వాళ్లే ఇస్తరు, వయసు, ఎత్తు, చదువు ఎంతుండాల్నో ప్రకటనలనే రాస్తరు అని విడమరిచి చెప్పిండు. అప్పు ఆగింది. పిల్ల ఇంగ్లీషు కోసం రోజూ సాయంత్రం లైబ్రరీకి పోతున్నది. ఇంటర్వ్యూ వచ్చే నెల. అంధేరీ దాకా తోలుకపోవాలె, వాళ్ల నాయినకు షిఫ్టు ఉన్నది, నేనే పోతనని చెప్పిన.